గొడుగు మూగబోయిన వేళ

2018 అక్టోబరు 10వ తేదీ రాత్రి ఉద్దానము ప్రాంతములో కంటినిండా నిద్రపోయినవారు బహు తక్కువ. తిత్లీ తుపాను మన తీరమువైపు వస్తున్నదని సాయంకాలము వరకు టీవీలో చూస్తూనే ఉన్నాము. సముద్రముమీద తిరుగుతున్న ఆ తెల్లని సుడిని పిల్లలు తెరమీద వేలు పెట్టి చూపించారు. రాత్రి భోజనములు అయ్యేసరికి వాన జోరందుకున్నది. మొదట బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరింది. తరువాత మాట ముక్కలు ముక్కలైంది. చివరకు తెరమీద సిగ్నల్ లేదను మాట ఒక్కటే మిగిలింది. మరికాసేపటికి కరెంటు కూడా పోయింది.

తుపాను ఎక్కడున్నదో, ఎప్పుడు తీరము దాటునో తెలిసికొనవలసిన గడియలోనే మా ఇంటిమీది గొడుగు మూగబోయింది. అప్పుడు మా ఇంటి పెద్దావిడకు జ్ఞాపకము వచ్చింది. "అటకమీద మీ తాత రేడియో ఉండాల, సూడండర్రా" అన్నది. దుమ్ము దులిపి, టార్చిలైటులోని బ్యాటరీలు తీసి అందులో వేశాము. గరగర శబ్దముల మధ్య విశాఖపట్నము కేంద్రము వినిపించింది. గాలి ఇంకా పెరుగునని విన్న తరువాత పూరిళ్ళలో ఉన్న రెండు కుటుంబములవారిని బడి భవనములోనికి తీసికొనివెళ్ళాము. తెల్లవారుజామున పలాస సమీపములో తుపాను తీరము దాటింది. వెలుగు వచ్చి చూచుకొంటే ఆ రెండు ఇళ్ళలో ఒకదానికి కప్పు లేదు.

ఆ రాత్రినుండి మాకొక ప్రశ్న మిగిలిపోయింది. ఇన్ని ఛానళ్ళు చూపించు గొడుగు ఆ వేళ ఎందుకు ఊరుకున్నది? అటకమీద మరచిపోయిన పాత రేడియో ఎట్లు పలికింది? తెలిసినవారిని అడిగి, మా చేతులతో కొన్ని గొడుగులు బాగుచేసి తెలిసికొన్న సంగతులు చదువరులతో పంచుకొనవలెనని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

36,000 కిలోమీటర్ల దూరము

మన ఇంటి గొడుగు చూస్తున్నది విశాఖపట్నమును కాదు, విజయవాడను కాదు. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహమును. నెలనెలా చందా లేకుండా వచ్చు దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ మన పల్లెలలో చాలా ఇళ్ళమీద ఉన్నది. 2004 డిసెంబరు 16న డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేరుతో అది మొదలైనది. ఇప్పుడది జీశాట్-15 అను మన దేశపు ఉపగ్రహము ద్వారా వస్తున్నది. 2015 నవంబరులో పైకి పంపిన ఈ ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశము పైన నిలిచియున్నది.

శ్రీకాకుళము సుమారు 84 డిగ్రీల రేఖాంశముమీద ఉన్నది. అందుచేత ఆ ఉపగ్రహము మనకు సరిగా దక్షిణమున ఉండదు. దక్షిణమునుండి తూర్పునకు దాదాపు 28 డిగ్రీలు జరిగి, నేలనుండి 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. విజయనగరమువారికి మరి ఒకటి రెండు డిగ్రీలు తూర్పునకు ఉంటుంది. అయితే గొడుగు అంత పైకి చూస్తున్నట్లు కనబడదు. ముందుకు చాచిన కర్రమీద ఎల్‌ఎన్‌బి కిందివైపున ఉండునట్లు దానిని తయారుచేస్తారు గనుక, గొడుగు అసలు కంటె నిటారుగా నిలబడినట్లు తోచును. ఇక్కడ కంటి అంచనా మోసము చేస్తుంది.

ఉపగ్రహమునుండి వచ్చు తరంగము చాలా పొట్టిది. దాని అల పొడవు రెండున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అంత చిన్న అలను కుండపోత వాన మింగివేయగలదు, చెదరగొట్టగలదు. విశాఖపట్నము ఆకాశవాణి మీడియం వేవ్ తరంగము 927 కిలోహెర్ట్జ్. దాని అల పొడవు 300 మీటర్లకు పైమాటే. వాన చినుకు దానికొక లెక్క కాదు. తాతగారి రేడియో ఆ రాత్రి పలుకుటలోని రహస్యము ఇదే.

ఇంకొక సంగతి. వెనుకటి టీవీలో సిగ్నల్ తగ్గితే బొమ్మమీద చీమలు పాకినట్లుండేది. అయినను మాట వినబడేది, మనిషి ఆకారము తెలిసేది. డిజిటల్ బొమ్మ అంకెల రూపములో వస్తుంది. అంకెలు కొన్ని తప్పిపోతే పెట్టె తానే సరిచేసికొంటుంది గనుక బొమ్మ అద్దములా ఉంటుంది. తప్పులు హద్దు మీరితే ఒక్కసారిగా అంతా ఆగిపోతుంది. కాబట్టి అంతవరకు చక్కగా వచ్చిన టీవీ చటుక్కున ఆగినంతమాత్రాన పెట్టె కాలిపోయిందని భయపడనక్కరలేదు. పెద్దవాన తగ్గువరకు ఓపిక పట్టుటయే మొదటి మందు.

ఇంటింటా మేము చూసినవి

తిత్లీ తరువాత కరెంటు రావడానికి రోజులు పట్టింది. వచ్చిన తరువాత ఇంటింటా టీవీ మొరాయించింది. ఒక మెకానిక్కు పెట్టెలన్నీ మార్చవలసిందేనని చెప్పి వెళ్ళాడట. కొబ్బరిచెట్లు పడిపోయి, జీడితోటలు పోయి ఉన్నవారికి ఆ మాట పుండుమీద కారము. ఆదివారము ఆరాధన తరువాత మా సంఘ యువకులు కొందరు స్పానరు, కొడవలి, నల్లటేపు పట్టుకొని బయలుదేరారు. వారి వెంట మేమును వెళ్ళాము.

పెట్టె మెనూలో సిగ్నల్ పేజీ తెరిస్తే రెండు గీతలు కనబడతాయి. ఒకటి స్ట్రెంత్, రెండవది క్వాలిటీ. వైద్యుడు నాడి చూచినట్లు ముందు ఈ రెండింటిని చూడవలెను.

మొదటి ఇంట స్ట్రెంత్ నిండుగా ఉన్నది, క్వాలిటీ సున్నా. అనగా పెట్టె, తీగ, ఎల్‌ఎన్‌బి ప్రాణముతోనే ఉన్నవి. గాలికి గొడుగు దారి తప్పింది. మొదట దారమునకు రాయి కట్టి వేలాడదీసి, ఇనుప గొట్టము నిలువుగా ఉన్నదో లేదో చూశాము. వంగిన గొట్టమును సరిచేయకుండా గొడుగును ఎంత తిప్పినను వృథా. తరువాత ఒకరు డాబామీద, ఒకరు టీవీ దగ్గర, మధ్యలో గట్టి గొంతుగల గుంటడు ఒకడు. గొడుగును వేలెడంత జరిపి, నాలుగైదు సెకన్లు ఆగవలెను. పెట్టెకు ఆలోచించుకొనుటకు ఆ మాత్రము సమయము కావలెను. ఆత్రపడి తిప్పుచు పోయేవారికి సిగ్నల్ వచ్చి వెళ్ళిపోయిన సంగతే తెలియదు. క్వాలిటీ అన్నిటికంటె ఎక్కువగా ఉన్నచోట నట్లు బిగించాము. బిగించునప్పుడు మరల జరుగును గనుక ఇంకొకసారి చూచుకొనవలెను.

రెండవ ఇంట రెండు గీతలును సున్నా. ఎల్‌ఎన్‌బి వద్ద కనెక్టరు విప్పితే లోపల పచ్చని చిలుము. వాననీరు తీగలోనికి దిగింది. పెట్టె ప్లగ్గు తీసివేసి, తీగను మంచిరాగి కనబడు వరకు కత్తిరించి, కొత్త కనెక్టరు వేశాము. మధ్యనున్న రాగితీగకు చుట్టూనున్న అల్లిక తీగ ఒక్క పోగైనను తగలకూడదు. తగిలితే పెట్టె తననుతాను కాపాడుకొనుటకు ఎల్‌ఎన్‌బికి కరెంటు ఆపివేస్తుంది. కనెక్టరుకు టేపు చుట్టి, దాని దిగువ తీగను చిన్న చుట్టుగా వంచి కట్టాము. అప్పుడు నీరు ఆ చుట్టు అడుగునుండి కారిపోతుంది, కనెక్టరులోనికి దిగదు.

మూడవ ఇంట కొన్ని ఛానళ్ళు వస్తున్నవి, కొన్ని రావు. పెట్టె ఎల్‌ఎన్‌బికి ఒక వరుస ఛానళ్ళకు 13 వోల్టులు, ఇంకొక వరుసకు 18 వోల్టులు పంపుతుంది. ఒక వరుస మొత్తము పోతే ముందు తీగను, తరువాత ఎల్‌ఎన్‌బిని అనుమానించవలెను. పక్కింటి ఎల్‌ఎన్‌బి అరువు తెచ్చి పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. ఎల్‌ఎన్‌బి ఖరీదు పెట్టె ఖరీదుకంటె చాలా తక్కువ. అయితే పాత ఎంపెగ్-2 పెట్టెలలో ఎంపెగ్-4 పద్ధతిలో వచ్చు ఛానళ్ళు కనబడవు. అది రోగము కాదు, ఆ పెట్టె వయస్సు.

నాలుగవ ఇంట ఒంటరిగా ఉన్న ముసలమ్మ మమ్మును చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. "పెట్టి మార్చాలన్నాడు బాబూ. పింఛను డబ్బులు మందులకే సరిపోవు. నానెక్కడ తెత్తాను?" అన్నది. చూడగా గొడుగు బాగున్నది, తీగ బాగున్నది, పెట్టె బాగున్నది. మనుమడు టీవీ రిమోటు నొక్కి పెట్టెకు సంబంధించిన ఇన్‌పుట్‌నుండి టీవీని మార్చివేశాడు. ఒక్క మీట నొక్కితే బొమ్మ వచ్చింది. ఖర్చు సున్నా. ఆమె ఇచ్చిన జీడిపప్పు తినకుండా మమ్మును కదలనివ్వలేదు.

ఇంకను కొన్ని చిన్న కారణములు ఉన్నవి. ఏ ఛానలైనా హఠాత్తుగా మాయమైతే ముందు ఆటో స్కాన్ చేయండి. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్ళకు చోటు వేలము ద్వారా ఇస్తారు గనుక అవి వస్తుంటాయి, పోతుంటాయి. కొబ్బరి తోటలోని ఇళ్ళకు ఒక సులువైన లెక్క చెప్పగలము. గొడుగు చూచు దిక్కులో చెట్టు ఉంటే, గొడుగుకంటె చెట్టు ఎంత ఎక్కువ ఎత్తున్నదో అందులో సగము దూరము వదలండి. అంతకు దగ్గరైతే మట్టలు అడ్డు వస్తాయి. మార్చి రెండవ వారములోను, అక్టోబరు మొదటి వారములోను కొన్ని రోజులు పగలు పదకొండు గంటల ప్రాంతములో టీవీ కొద్ది నిమిషములు ఆగిపోతే గొడుగును ముట్టుకోవద్దు. ఆ వేళ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహము వెనుకకు వస్తాడు. ఆయన దాటిపోగానే బొమ్మ తిరిగి వస్తుంది. పైన చెప్పిన దిక్కులన్నీ ఫ్రీ డిష్‌కు మాత్రమే. చందా కట్టు కంపెనీలలో చాలావాటికి వేరువేరు ఉపగ్రహములు ఉన్నవి గనుక పక్కింటి గొడుగును చూచి తిప్పకండి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. వానలో, గాలిలో, ఉరుములలో డాబా ఎక్కవద్దు. గొడుగు గొట్టము కరెంటు తీగలకు తగులునంత దగ్గర ఉంటే లైన్‌మన్ రాకుండా ముట్టవద్దు. ఉరుముల వేళ టీవీ ప్లగ్గుతోపాటు గొడుగు తీగను కూడ పెట్టెనుండి తీసివేయండి. బొమ్మ రేపైనను వస్తుంది.

వెనుకటి ఏంటెనాలు ఏమైనవి?

ఇట్లు చక్కచేసిన గొడుగులైనను పెద్ద తుపాను వచ్చిన రాత్రి మరల ఆగిపోవును. అది మన చేతిలో లేదు. అయితే వెనుక మన ఇళ్ళకు ఇంకొక దారి ఉండేది.

పల్లెకు గొడుగు రావడము నిజమునకు కొత్త కాదు. 1975 ఆగస్టునుండి 1976 జూలై వరకు సైట్ అను పేరుతో మన దేశము ఒక ప్రయోగము చేసింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు అమెరికావారి ఉపగ్రహము ద్వారా టీవీ చూపించారు. కోళ్ళగూటికి వాడే జల్లెడ తీగతోనే మూడు మీటర్ల గొడుగులు చేశారు. తరువాత నేలమీది ట్రాన్స్‌మిటర్ల కాలము వచ్చింది. 1980లలో దూరదర్శన్ చిన్న పట్టణములలో 100 వాట్ల ట్రాన్స్‌మిటర్లు పెట్టుచు వచ్చింది. పదిహేను ఇరవై కిలోమీటర్ల వరకు అవి అందేవి. ఆ తరమువారికి వెదురు గడమీది అల్యూమినియము ఏంటెనా, "వచ్చిందా? ఇంకా రాలేదు!" అను కేకలు జ్ఞాపకమే. పంచాయతీ టీవీ ముందు ఊరంతా కూర్చునేది.

1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్ళు వచ్చాయి. కేబులు తీగ మన పట్టణములలోనికి పాకింది. ఆ కేబులులోనే ఊరి వార్తలు, పెండ్లి శుభాకాంక్షలు, క్రిస్మసు కార్యక్రమములు వేసేవారు. తరువాత కేబులు కూడ డిజిటల్ కావలెనని చట్టము వచ్చింది. విశాఖపట్నమునకు 2013 మార్చి 31, చివరి విడతలోని గ్రామములకు 2017 మార్చి 31 గడువు పెట్టారు.

నేలమీది పాత ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి విడతలవారీగా మూసివేసింది. సరిహద్దులు, దీవులు వంటి చోట్ల సుమారు 50 మాత్రము ఉంచి, మిగిలినవాటిని 2022 మార్చి 31 నాటికి ఆపుటకు నిర్ణయించింది. 2016లో నేలమీదనే డిజిటల్ ప్రసారము 16 నగరములలో మొదలైనది. ఆ జాబితాలో కటక్ ఉన్నది, చెన్నై ఉన్నది. మన ఉత్తరాంధ్ర ఊరు ఒక్కటియు లేదు.

మూసివేసినందుకు కారణములు లేకపోలేదు. పాత యంత్రములు కరెంటు మింగేవి, చూచువారు తగ్గిపోయారు. ఆ స్థానములో ఫ్రీ డిష్ ఎన్నో ఛానళ్ళు ఇస్తున్నది. మన రాష్ట్రపు డీడీ సప్తగిరి, పిల్లల పాఠముల ఛానళ్ళు కూడ అందులో ఉన్నవి. లాభము కాదని మేము అనము. అయితే వంద దారులున్నా అవన్నీ ఒకే వంతెనమీదుగా పోతే, ఆ వంతెన తెగిననాడు వందయు తెగినట్లే.

ఇతర దేశములవారు దీనిని ఎట్లు చూశారు? జపాను దేశము 2011 జూలై 24న పాత టీవీ ప్రసారములు ఆపివేసింది. అయితే ఆ సంవత్సరము మార్చిలో భూకంపము, సునామీ వచ్చిన ఇవాతె, మియాగి, ఫుకుషిమా జిల్లాలకు మాత్రము 2012 మార్చి వరకు గడువు పొడిగించింది. దెబ్బతిన్నవారి చేతిలోనుండి ఉన్న సాధనము లాగివేయలేదు. పైగా ఎక్కడ నీళ్ళు ఇస్తున్నారు, ఏ దారి తెరిచారు అని చెప్పుటకు ఆ ఊళ్ళలో తాత్కాలికముగా చిన్న ఎఫ్‌ఎం కేంద్రములు పెట్టించింది.

రాబోవునది ఏమి?

మన ప్రాంతమునకు ఫైబరు తీగ వచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభములమీదుగా తీగ లాగి, ఆనాడు నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్టు, ఫోను ఇచ్చుటకు పూనుకొన్నది. మంచి ఆలోచన. కాని తుపానుకు స్తంభము పడితే దానిమీది తీగ కూడ పడుతుంది. సెల్ టవరు కూడ కరెంటు లేక, డీజిలు లేక ఎన్ని గంటలు నిలుచును?

ఇంటర్నెట్టు లేకుండా టీవీ ప్రసారమును నేరుగా ఫోనులోనికి పంపు పద్ధతి ఒకటి తయారగుచున్నది. కాన్పూరు ఐఐటీ సహాయముతో ప్రసార భారతి దానిని పరీక్షించుచున్నది. ఢిల్లీ, బెంగళూరులలో ప్రయోగములు జరిగినవి. అది మన తీరమునకు వస్తే తుపాను వేళ ఎంతో మేలు.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము 234 కొత్త పట్టణములలో 730 ఎఫ్‌ఎం ఛానళ్ళకు వేలము వేయుటకు ఆమోదము తెలిపింది. ఆ జాబితాలో శ్రీకాకుళము ఉన్నది, విజయనగరము ఉన్నది. స్థానిక భాషలో స్థానిక కార్యక్రమములు పెరుగవలెనన్నది దాని ఉద్దేశములలో ఒకటి. వేలములో కొన్నవారు సినిమా పాటలతోనే సరిపెట్టక, మన ఊరి మాటకు చోటు ఇస్తారా అన్నదే చూడవలసిన సంగతి.

వ్యాపారము కాని దారి కూడ ఉన్నది. గాలి తరంగములు ప్రజల సొత్తు అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఆ ధర్మాసనములో ఒకరు. 2006నుండి స్వచ్ఛంద సంస్థలు కూడ చిన్న కమ్యూనిటీ రేడియో పెట్టుకొనుటకు ప్రభుత్వము అనుమతి ఇస్తున్నది. తెలంగాణలో జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను పల్లె దళిత స్త్రీలే నడుపుచున్నారు. విత్తనముల సంగతి, పంటల సంగతి, పాటలు, అన్నీ తమ యాసలోనే. విశ్వవిద్యాలయములు, వ్యవసాయ కళాశాలలు, కృషి విజ్ఞాన కేంద్రములు కూడ ఇందుకు అర్హులు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయము, నైరలో వ్యవసాయ కళాశాల, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రము మనకున్నవి. అడుగువారుంటే ఆలోచించువారు ఉంటారు.

మన కుటుంబములకు రేడియో విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. సీషెల్స్ దీవులనుండి ఫెబా వారి షార్ట్‌వేవ్ ప్రసారములకు చెవి ఒగ్గిన పెద్దలు ఇంకను మన మధ్య ఉన్నారు. 2003లో ఆ కేంద్రము మూతపడింది. ఒక గొంతు ఆగిపోతే ఎట్లుండునో వారికి తెలియును.

మన ఇంట, మన ఊర

చేయగలిగినవి చిన్నవే. వర్షాకాలము రాకముందే గొడుగు నట్లు బిగించి, కనెక్టరుకు కొత్త టేపు చుట్టండి. బొమ్మ బాగున్న రోజున స్ట్రెంత్, క్వాలిటీ ఎంత ఉన్నవో ఒక కాగితముమీద వ్రాసి టీవీ వెనుక అంటించండి. చెడిన రోజున ఆ కాగితమే మీ వైద్యుడు. గొడుగు గొట్టమునకు, బిగింపునకు కలిపి రంగుతో ఒక గీత గీయండి. గాలికి తిరిగితే ఆ గీత చెప్పుతుంది.

బ్యాటరీతో నడిచే మీడియం వేవ్ రేడియో ఒకటి ఇంట ఉంచండి. 927 ఎక్కడున్నదో పిల్లలకు ఇప్పుడే చూపించండి. తుపాను రాత్రి వెదుకుకొనుట కష్టము. వాడనప్పుడు బ్యాటరీలు తీసి విడిగా ఉంచండి, లేకున్న కారి రేడియోను తినివేస్తాయి. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో, కొండ ఊళ్ళలో ప్రతి ఇంట సాధ్యము కాకపోతే ప్రతి వీధిలో ఒకటి, ప్రతి ప్రార్థనా మందిరములో ఒకటి ఉండవలెను. వినేవాడొకడు, ఇంటింటికి చెప్పేవారు ఇద్దరు అని ముందుగానే నియమించుకోండి.

గ్రామసభలో నోరు తెరిచి అడగండి. ఈసారి తుపానుకు మాకు ఎక్కడినుండి, ఏ సాధనము ద్వారా కబురు అందుతుంది? కరెంటు పోయిన తరువాత ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని ఊరు ఎన్ని ఛానళ్ళు చూచినను చెవిటి ఊరే.

ముసలమ్మ ఇంటి టీవీ ఇప్పటికి బాగానే నడుస్తున్నది. మొన్న పలకరించితే, "బొమ్మకేటి బాబూ, వత్తంది, పోతంది. ఆ రాత్రి మీరొచ్చి లేపారు, అది సాలు" అన్నది. ఆ పూరింటి రెండు కుటుంబములలో ఆమెది ఒకటి. కప్పు ఎగిరిపోయిన ఇల్లు ఆమెదే.